ముద్దనూరు రోడ్డులో నేను చంపని మనిషి

నేను ఎవరినీ చంపలేదు. ఈ చిన్న మాట రాయడానికి నాకు ఏడాదికి పైగా పట్టింది. రాసిన తర్వాత కూడా "నిజంగానా?" అని లోపల ఒక గొంతు అడుగుతూనే ఉంది. అడగనిస్తున్నాను. దాన్ని అడగనివ్వడం నేర్చుకోవడమే నాకు జరిగిన వైద్యం.

నా పేరు చిన్నప్ప. బస్సు డ్రైవర్ని. పొద్దున్నే ప్రొద్దుటూరులో బయలుదేరి జమ్మలమడుగు, ముద్దనూరు, తొండూరు మీదుగా పులివెందులకు పోయి, మధ్యాహ్నం దాటాక తిరిగొచ్చే సర్వీసు నాది. మేము తాతల కాలం నుంచి కతోలిక క్రైస్తవులం. ఊళ్లో వాళ్లు ఆర్‌సీఎం వాళ్లంటారు. నేను చెప్పబోయేది నాకొచ్చిన ఒక జబ్బు గురించి. జ్వరం లేదు, నొప్పి లేదు, ఏ ఎక్స్‌రేలోనూ పడదు. దానికొక పేరుందని కూడా తెలియక గుళ్లోనో మసీదులోనో చర్చిలోనో నలిగిపోతున్న వాళ్లు ఇంకా ఉంటారు. వాళ్ల కోసం రాస్తున్నాను. నా కోసం కూడా. ఎందుకంటే నా తలలో అది పనిచేసిన తీరు తలుచుకుంటే భయం కంటే వింతే ఎక్కువ అనిపిస్తుంది ఇప్పుడు.

మొదలైంది తపస్సుకాలంలో. అంటే ఈస్టరుకు ముందు మేము ఉపవాసాలుండే రోజుల్లో. శనగ కోతలు నడుస్తున్నాయి. ముద్దనూరు దాటి తొండూరు వైపు పోతుంటే, నెత్తిన మోపు పెట్టుకుని ఒక పెద్దాయన రోడ్డు అంచున నడుస్తున్నాడు. హారన్ కొట్టాను. పక్కకు జరిగాడు. దాటుకున్నాను. ఆ వెంటనే వెనక చక్రం కింద దడేలుమని ఒక కుదుపు. ఆ రోడ్డులో గుంతలకు కొదవ లేదు. అలవాటు కొద్దీ అద్దంలోకి చూశాను. పెద్దాయన కనపడలేదు.

చేలోకి దిగిపోయి ఉంటాడు. ఆ సంగతి నాకు అప్పుడే తోచింది. కానీ దాని వెనకే ఇంకొకటి తోచింది. చక్రం కిందికి పోయి ఉంటే?

పులివెందుల స్టాండులో బస్సు ఆపి, వంగి చక్రాలన్నీ చూశాను. దుమ్ము తప్ప ఏమీ లేదు. నా కండక్టరు మహబూబ్ బాషా, అందరం మాబు అంటాం, నాకంటే బాగా చిన్నవాడు, టీ గ్లాసుతో వచ్చి పక్కన నిలబడ్డాడు.

"ఏంది మామా, పంచరా?"

"కాదు మాబూ. ముద్దనూరు దాటినాక మనకేమన్నా తగిలిందా?"

"ఏం తగల్లేదు. గుంత అది."

"నువ్వు చూసినావా?"

"నేను వెనక టికెట్లు కొడ్తాంటి. ఏమన్నా తగిలింటే జనం అరవరా మామా?"

మనసు కుదుటపడింది. తిరుగు ప్రయాణంలో అదే చోట బస్సు నెమ్మది చేసి చూశాను. గుంపు లేదు, పోలీసులు లేరు, నెత్తురు మరక లేదు. హాయిగా ఊపిరి పీల్చుకున్నాను. ఇంటికి పోయి అన్నం ముందు కూర్చున్నాక ఒక ప్రశ్న వచ్చింది. నేను నెమ్మది చేసింది సరిగ్గా ఆ చోటేనా? అక్కడ తుమ్మచెట్లు రెండు మూడు చోట్ల ఒకేలా ఉంటాయి కదా?

మర్నాడు మళ్లీ చూశాను. ఆ మర్నాడు కూడా. ఈ జబ్బు తీరే అంత. చూసిన కొద్దీ నమ్మకం కుదరాలి కదా, చూసిన కొద్దీ సన్నగిల్లుతుంది. వారం తిరిగేసరికి ఆ పెద్దాయన ఒక్కడే కాదు, జమ్మలమడుగు దగ్గర సైకిల్ మీద పోయే మనిషి, పులివెందుల బయట చీనీకాయల సంచి మోసుకుపోయే ఆడమనిషి, దాటుకున్న ప్రతివాళ్లూ నా చక్రాల కింద పడ్డట్టే అనిపించసాగింది. డ్యూటీ దిగి మోటారు సైకిల్ మీద అంత దూరమూ వెనక్కి పోయి, రోడ్డు పక్కన కాలవల్లోకి తొంగి చూసి వచ్చేవాణ్ణి.

ఒకరోజు ఆ దారిలో ఉన్న పోలీస్ స్టేషనుకు పోయాను. కాగితాల ముందు కూర్చున్న పెద్ద పోలీసాయన్ని అడిగాను.

"సార్, ఈ రోడ్డులో ఈమధ్య ఏమన్నా యాక్సిడెంటు కేసు వచ్చిందా?"

"యాల? నీకు కావల్సినోళ్లెవరన్నా కనపల్లేదా?"

"కాదు సార్. ఊరికే."

"ఊరికే అడగను ఎవరన్నా స్టేషనుకు వస్తారా అప్పా? ఏందీ సంగతి? ఏమన్నా చేసినావా?"

లేదు అనే మాట నోటికి రాలేదు. "తెలీదు సార్" అన్నాను. ఆయన దగ్గరికొచ్చి తాగానేమోనని వాసన చూశాడు. తర్వాత నా మొహం చూశాడు. రిజిస్టరు తిప్పి ఏమీ లేదన్నాడు. కుండలో నీళ్లు ముంచిచ్చి, "తాగి ఇంటికి పో. మంచిగా నిద్రపో" అన్నాడు. ఆయన చేసింది దయే. కానీ మోటారు సైకిల్ ఎక్కేసరికి నాకు తోచింది, శవం ఇంకా ఎవరికీ దొరికి ఉండకపోవచ్చు కదా అని.

ఇక మిగిలింది దేవుడు.

మా కతోలికుల్లో పాపసంకీర్తనం అని ఒక సంస్కారం ఉంది. చర్చిని మేము గుడి అనే అంటాం. గుళ్లో ఒక పక్కన జల్లెడలాంటి తడిక అడ్డం పెట్టి ఉంటుంది. అవతల గురువు కూర్చుంటాడు, ఇవతల మనం మోకరించి మన పాపాలు నోటితో చెప్పాలి. గురువు విని, నాలుగు మాటలు చెప్పి, ప్రాయశ్చిత్తంగా కొన్ని జపాలు ఇచ్చి, దేవుని పేరిట క్షమాపణ పలుకుతాడు. అక్కడ విన్నది ఆయన ప్రాణం పోయినా బయట పలకకూడదు. మన దగ్గర కూడా, మనం సరే అనందే, మళ్లీ ఎత్తకూడదు. చిన్నప్పటి నుంచి ఏడాదికి రెండు మూడుసార్లు చేసేవాణ్ణి. అబద్ధాలు, కోపాలు, బీడీలు, ఆదివారం పూజ ఎగ్గొట్టడాలు. చెప్పి లేచి వస్తే వంకలో స్నానం చేసినట్టుండేది.

మా విచారణకు, అంటే మా చర్చి పరిధికి, గురువు జోజయ్య ఫాదర్. పెండ్లిమర్రి వైపు మనిషి, పెద్దవాడు, మోకాళ్ల నొప్పులు. తడిక ఇవతల నుంచి, "ఫాదర్, నేనొక మనిషిని చంపినానేమో" అన్నాను.

అవతల కుర్చీ కిర్రుమంది. "ఏమో అంటే ఏంది నాయనా?"

చెప్పాను.

"నువ్వు చూసినావా?"

"లేదు ఫాదర్."

"ఎవురన్నా చెప్పినారా?"

"లేదు."

"మరి ఇందులో పాపం ఏముండాది?"

"ఆపకుండా పోయినా ఫాదర్."

"గుంతకు ఎవురన్నా బస్సు ఆపుతారా?" అని, నవ్వకుండానే క్షమాపణ పలికాడు.

బయటికి రాగానే ఆకలేసింది. చాలా రోజుల తర్వాత ఆకలి! గేటు దాకా ఆ సుఖం ఉంది. గేటు దగ్గర ఆగిపోయాను. పెద్దాయన నెత్తిన మోపు ఉందని చెప్పానా? అద్దంలో రెండోసారి చూడలేదని చెప్పానా? తేలిగ్గా తీర్పు రావాలని నాకు నేనే సగం దాచానా? కావాలని ఒక పాపం దాస్తే ఆ పాపసంకీర్తనమే చెల్లదని చిన్నప్పుడు జ్ఞానోపదేశంలో నేర్పించారు. అట్లా చెల్లని మనిషి సత్ప్రసాదం, అంటే పూజలో క్రీస్తు శరీరమని ఇచ్చే అప్పం, తీసుకుంటే అది ఇంకొక ఘోర పాపం. "కావాలని" అనే ముక్క ఒకటి అందులో ఉంది. అది నా కంటికి ఆనలేదు.

మళ్లీ వరుసలో నిలబడడానికి సిగ్గేసింది. అందుకే మర్నాడు జమ్మలమడుగులో, డ్యూటీ దిగాక వెనక్కి పోయి అక్కడి గుళ్లో చెప్పుకున్నాను. అక్కడి గురువుకు నేనెవరో తెలియదు. తప్పంతా దాయకుండా చెప్పాలని చెప్పిందే చెప్పి చెప్పి, ఆయన విసుక్కున్నాక లేచాను. ఆ విసుగు వల్ల ఆయన సరిగా వినలేదేమో అనిపించింది. పులివెందులలో బస్సు ఆగే సమయంలో ఇంకొక గురువు దగ్గరికి పోయాను. ఆయన కుర్రవాడు, ఎంతో ఓర్పుగా విని కళ్లనీళ్లు పెట్టుకున్నట్టున్నాడు. ఇంత లేత మనిషికి నా పాపం లోతు అర్థమై ఉంటుందా అని తిరిగొస్తూ అనుకున్నాను. ఆ ఎండాకాలమంతా నా రూటులో ఉన్న ఊళ్లు నాకు ఊళ్లు కాలేదు, తడికలు అయ్యాయి. బస్టాండు నుంచి గుడికి దగ్గరి దారులు నాకు తెలిసినంతగా ఆ ఊళ్ల వాళ్లకు కూడా తెలియవేమో.

ఇంట్లో లూర్దు ఇవన్నీ వేరేగా చూస్తోంది. లూర్దు నా భార్య. బడిలో పిల్లలకు మధ్యాహ్నం అన్నం వండుతుంది. మా ఇద్దరు కూతుళ్లు బయట చదువుకుంటున్నారు. ఇంట్లో ఉన్నది మేమిద్దరమే. సాయంత్రం ఇంటికి రావాల్సిన మొగుడు చీకటిపడ్డాక దుమ్ముకొట్టుకుని వస్తాడు. ఎక్కడికి పోయావంటే డిపోలో పనంటాడు. అన్నిటికంటే, ఆదివారం పూజలో అందరూ సత్ప్రసాదానికి లేచి పోతుంటే తను బెంచీ మీద తలవంచుకుని కూర్చుంటాడు. మాలో అది ఊరికే పోయే సంగతి కాదు. ఘోర పాపంలో ఉన్నవాడే అట్లా కూర్చుంటాడని అందరికీ తెలుసు. వెనక బెంచీలో గుసగుసలు మొదలైతే అవి పడేది లూర్దు చెవినే.

ఒక సాయంత్రం సొరకాయ తరుగుతూ, తలెత్తకుండా అడిగింది.

"ఎవరామె?"

"ఎవరు ఎవరు?"

"పులివెందలలోనా, జమ్మలమడుగులోనా? ఆ ఒక్కటి చెప్పు సాలు."

"పిచ్చిగా మాట్లాడొద్దు లూర్దూ."

"నేను మాట్లాడేది పిచ్చా? దేవుని ముందర కూడా నోరు తెరవలేని పని చేస్తాండావు, నాది పిచ్చా?"

చెప్పలేకపోయాను. హంతకుడి భార్య అనే మాట ఆమె మీద వేయడం కంటే ఆమె అనుకుంటున్నదే నయం అనిపించింది. చూడండి ఎంత వింతో! చెయ్యని హత్యను దాచడానికి చెయ్యని వ్యభిచారాన్ని ఒప్పుకున్నట్టు మౌనంగా ఉండిపోయాను. లూర్దు ఆ రోజు నుంచి నాకు అన్నం పెట్టి అవతలి గదిలోకి పోయి కూర్చునేది.

వానలు మొదలయ్యే ముందు అది జరిగింది. బస్సు నిండా జనం, పులివెందుల ఆసుపత్రికి పోయేవాళ్లు, చంకల్లో పిల్లలతో తల్లులు. తొండూరు ఇవతల ఒక కుదుపు. నా కళ్లు అద్దంలోకి పోయి అక్కడే ఉండిపోయాయి. వెనక రోడ్డు మీద నల్లగా ఏదో ఉంది. గుడ్డా? మనిషా? చూస్తూనే ఉన్నాను. ముందు రోడ్డు వంపు తిరిగింది, బస్సు తిరగలేదు. ఎడమ చక్రాలు అంచు దిగి, బస్సు పక్కకు ఒరిగింది. ఆడవాళ్ల కేకలకు తెలివొచ్చి స్టీరింగు తిప్పి, బ్రేకు మీద నిలబడ్డాను. కాలవ అంచుకు ఆనుకుని ఆగింది.

ఎవరికీ ఏమీ కాలేదు. మాబు నా దగ్గరికొచ్చి స్టీరింగు మీద ఉన్న నా చేతుల్ని ఒక్కొక్క వేలూ విడదీశాడు. "దిగు మామా. నీళ్లు తాగు" అన్నాడు. జనానికి టైరు జారిందని చెప్పాడు. వెనక రోడ్డు మీద నల్లగా ఉన్నది ఎవరిదో పాత గొంగళి.

ఆ సాయంత్రం జోజయ్య ఫాదర్ తడిక ముందు మొత్తం చెప్పాను. మూడు ఊళ్ల పాపసంకీర్తనాలూ, పోలీస్ స్టేషనూ, బస్సు ఒరగడమూ. ఆయన గొంతు తగ్గించి అన్నాడు.

"చిన్నప్పా, ఈడ నువ్వు చెప్పింది నేను యాడా ఎత్తగూడదు. నీ దగ్గర కూడా, నువ్వు సరే అంటే తప్ప. నా చేతులు కట్టేసినట్టే. బస్సులో జనం ఉండారు. నేనిది బయట మాట్లాడాల. అందుకని అడుగుతాండా. ఇప్పుడు లేచి ఆ వేపచెట్టు కింద బెంచీ కాడికి రా. ఈడ చెప్పింది ఆడ మళ్లీ చెప్పు, మామూలు మనిషికి చెప్పినట్టు. చెప్తావా?"

"క్షమాపణ ఫాదర్?"

"అది ఇచ్చినా. ఇంక దానికోసం రావద్దు. నీకు కావల్సింది ఇంకొకటి."

నా జన్మలో ఒక గురువు నన్ను తడిక దగ్గర నుంచి లేపి బయటికి పంపడం అదే మొదలు. బెంచీ మీద ఆయన మోకాళ్లు రుద్దుకుంటూ మళ్లీ అంతా విన్నాడు. విని, లూర్దును పిలిపించమన్నాడు. ఆమె కొంగు నడుముకు బిగించి, కొట్లాటకు సిద్ధమై వచ్చింది. నేను ఫాదర్ ఎదుట చెప్పాను. ముద్దనూరు రోడ్డు, పెద్దాయన, మోపు, కాలవలు.

లూర్దు నోరు తెరిచి విన్నది. ఉన్నట్టుండి నవ్వింది. "అంతేనా? ఆడమనిషి ఎవురూ ల్యా?" అని అడిగింది. ల్యా అన్నాను. నవ్వుతూ నవ్వుతూనే ఏడ్చింది. "సచ్చినోడా, ఇన్ని దినాలు ఒక్కనివే మోసినావా?" అని నా వీపు మీద గట్టిగా ఒక్కటి వేసింది.

"ఇది పాపం కాదమ్మా, జబ్బు" అన్నాడు ఫాదర్. "మా సెమినరీలో దీని గురించి చెప్పినారు. పాతకాలం నుంచీ ఉండాది, గొప్ప గొప్ప భక్తులకు కూడా వచ్చింది. చెప్పేదానికి మా కాడ మాట ఉండాది గానీ మందు ల్యా. డాక్టరు కాడికి పోండి."

"పిచ్చి డాక్టరు కాడికా?" అన్నది లూర్దు.

"కండ్లు మసకైతే కండ్ల డాక్టరు కాడికి పోమా?"

ప్రొద్దుటూరులోనే, బంగారు అంగళ్ల బజారుకు అవతల సందులో, మేడ మీద ఉంది ఆ క్లినిక్. మెట్లెక్కేటప్పుడు తువాలు మొహానికి చుట్టుకున్నాను. పైన చూస్తే అందరూ అట్లాగే ఉన్నారు. కొంగులు, తువాళ్లు, మాస్కులు. మా ఎదురుగా ఒక ముసలామె, పక్కన ముప్పై ఏళ్ల కొడుకు. అతని చేతులు మోచేతుల దాకా తెల్లగా పగిలి ఉన్నాయి. లూర్దు ఊరుకోలేదు, అడిగింది.

"కువైట్ నుంచి వచ్చినాడమ్మా" అన్నది ఆమె. "నమాజుకు ముందు వజూ చేసుకుంటాం కదా, చేతులు మొహం కాళ్లు కడుక్కునేది. వీడు కడుగుతాడు, మళ్లీ కడుగుతాడు. సరిగ్గా తడవలేదంటాడు. వీడు కడిగే లోపల నమాజ్ టైమే అయిపోతాది. ఆడ పని పోయింది, పంపించేసినారు."

రఫీ అని అతని పేరు. నేను కుర్చీ మార్చుకుని అతని పక్కన కూర్చున్నాను.

"తడిసింది కంటికి కనపడ్తాది కదప్పా?" అని అడిగాను.

"కనపడ్తాది. కానీ నమ్మకం రాదు." నా వైపు చూశాడు. "నీకేంది?"

"నేను మనుషుల్ని బస్సు కింద తొక్కినానని."

"తొక్కినావా?"

"ల్యా. కానీ నమ్మకం రాదు."

ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. అతను మాస్కు కిందికి లాగాడు. నేను తువాలు తీశాను. నా జబ్బు నా మతంలోంచి వచ్చిందని అప్పటిదాకా అనుకుంటున్నాను. పాపసంకీర్తనం లేని మనిషికి అది వజూ నీళ్లలోంచి వచ్చింది. ఏ మతమూ లేని మనిషికి తాళం వేసిన తలుపులోంచి వస్తుందేమో. ఎవరికి ఏది ప్రాణమో అక్కడే పట్టుకుంటుంది. ఈ ఆలోచన నాకు మందు కంటే ముందు పనిచేసింది.

డాక్టరమ్మ మెల్లగా మాట్లాడే మనిషి. నన్ను అడిగిన మొదటి ప్రశ్న నేను ఊహించనిది.

"చిన్నప్ప గారూ, దేవుడు క్షమిస్తాడని నమ్ముతారా?"

"నమ్ముతా మేడం."

"ఫాదర్ చెబితే అది చెల్లుతుందని?"

"నమ్ముతా."

"మరి దేన్ని నమ్మడం లేదు?"

"నా కండ్లను మేడం. నా చెవుల్ని. నేను చెప్పిన మాట నేను చెప్పినానని."

ఆమె తలూపి, ఎంత చూసినా తీరని ఆ అనుమానమే ఈ జబ్బు అని చెప్పింది. మాత్రలు రాసింది. అవి పనిచేయడానికి వారాలు పడుతుందని చెప్పింది. దాంతో పాటు చెయ్యాల్సిన పని చెప్పింది, అది మాత్రల కంటే చేదు. వెనక్కి పోయి చూడకూడదు. ఎవరినీ అడగకూడదు. అనుమానం వస్తే దాన్ని తీర్చకూడదు, దానంతట అది అలిసిపోయేదాకా దాని పక్కన కూర్చోవాలి. డిపోలో చెప్పి, తగ్గేదాకా స్టీరింగు పట్టకూడదు. నన్ను కొన్నాళ్లు గేటు దగ్గర బస్సుల రాకపోకలు చూసే పనిలో వేశారు. డ్రైవర్లు ఒకరిద్దరు నవ్వారు. ఎక్కువమంది ఏమీ అనలేదు.

ఫాదర్ కూడా డాక్టరమ్మతో ఫోన్లో మాట్లాడి తన నియమం పెట్టాడు. పాపసంకీర్తనం ఆయన దగ్గర తప్ప ఎక్కడా చెయ్యకూడదు, నెలకొకసారి, అందులో ఆ రోడ్డు సంగతి ఎత్తకూడదు, ఆదివారం లేచి సత్ప్రసాదం తీసుకోవాలి.

"ఒకవేళ అది నిజంగా పాపమైతే ఫాదర్?"

"ఐతే ఆ పాపం నా నెత్తిన. చెప్పగూడదని చెప్పింది నేను కదా. దేవుడు అడిగితే నన్ను అడుగుతాడు."

మొదటి ఆదివారం లూర్దు నా మోచెయ్యి పట్టుకుని వరుసలో నిలబెట్టింది. నోట్లో సత్ప్రసాదం పెట్టుకుంటుంటే నరకం నోరు తెరుచుకున్నట్టే ఉంది. తెరుచుకోలేదు. పూజ అయ్యాక ఇంటికి పోయి ఉగ్గాని తిన్నాం.

సెప్టెంబరులో వచ్చే ఆరోగ్యమాత పండుగ నాటికి కొంచెం కొంచెం తేడా తెలిసింది. మాత్రలకు నోరు ఎండిపోయేది, పగలు నిద్రొచ్చేది. కానీ ఆలోచన వచ్చినా ఇదివరకటిలా గొంతు పట్టుకునేది కాదు. డాక్టరమ్మ చెప్పినట్టు, సెలవు రోజుల్లో మాబు డ్యూటీలో ఉన్న బస్సులో ప్రయాణికుడిగా ముందు సీట్లో కూర్చునేవాణ్ణి. కుదుపు రాగానే తల తిప్పేవాణ్ణి.

"మాబూ, ఏమన్నా తగిలిందా?"

అన్ని నెలలూ "ఏం తగల్లేదు మామా" అని విసుక్కోకుండా చెప్పినవాడు మాబు. ఇప్పుడు ఆ మాట చెప్పకూడదని అతనికి కూడా చెప్పారు. అతను కిటికీ బయటికి చూసి, "తెలీదు మామా" అన్నాడు. మరుక్షణమే నా భుజం మీద చెయ్యేసి, "ఇట్ల చెప్పాలంటే నాకు నోరు రావడంల్యా. నీ మొహం చూడలేకపోతాండా" అన్నాడు. అన్నాళ్లూ అతను ఇచ్చిన ధైర్యమే నా జబ్బుకు మేత అయిందని అతనికి ఎట్లా నచ్చచెప్పను? నాకే నచ్చలేదు. కానీ తెలీదు అన్న మాట విన్నాక, తొండూరు నుంచి పులివెందుల వచ్చేసరికి, చెమట దానంతట అదే ఆరిపోయింది. ఆశ్చర్యపోయాను. ఎవరూ ఏమీ చెప్పకుండానే ఆరింది!

ఇక్కడ ఇంకొక సంగతి చెప్పాలి. భయం తగ్గిన కొద్దీ నా భక్తి కూడా తగ్గింది. జబ్బులో ఉన్నప్పుడు మోకాళ్లు కాయలు కాసేలా ప్రార్థించినవాణ్ణి. ఇప్పుడు జపమాల పట్టుకుంటే ఆవులింత వస్తోంది. పూజలో ప్రసంగం వింటూ టైర్ల గురించి ఆలోచిస్తున్నాను. ఆగమనకాలంలో, క్రిస్మస్ నక్షత్రాలు కడుతున్నప్పుడు, ఫాదర్‌ని అడిగాను.

"ఫాదర్, నాది భక్తి కాదేమో. అంతా భయమేనేమో. భయం పోయినాక చూస్తే అడుగున ఏం కనపడ్డంల్యా."

తిడతాడనుకున్నాను. లేదంటే ధైర్యం చెప్తాడనుకున్నాను. ఆయన నిచ్చెన పట్టుకుని, పైన నక్షత్రం కడుతున్న పిల్లోడి వైపు చూస్తూ, "నాకూ తెలీదు చిన్నప్పా" అన్నాడు. "నాకు కూడా కొన్ని ఏండ్లు అట్ల గడిచినాయి. ఏం కనపల్లా. ఐనా పొద్దున లేచి పూజ చేస్తాంటి."

"ఎందుకు చేసినారు?"

"జనం వచ్చి కూచ్చోనుంటారు కదప్పా."

ఆ జవాబు నాకు పూర్తిగా అర్థమైందని చెప్పను. కానీ ఒక గురువు నోట అంత చిన్న కారణం వినడం నాకు బాగా పనికొచ్చింది. ఆలోచించుకుంటూ ఇంటికొచ్చాను.

క్రిస్మస్ తర్వాత డాక్టరమ్మ కాగితం రాసిచ్చింది, డిపో వాళ్లు కూడా పక్కన ఇంకొక డ్రైవర్ని కూర్చోబెట్టి నన్ను పరీక్ష చేసి, మళ్లీ స్టీరింగు ఇచ్చారు. పాత రూటే. కొన్ని వారాలకు తొండూరు దగ్గర ఒక గొర్రె మందలోంచి విడివడి నేరుగా చక్రాల ముందుకు దూకింది. బ్రేకు కొట్టాను, అందలేదు.

నేను అద్దంలోకి చూడలేదు. చూడాల్సిన పని లేదు. తగిలిందని నాకు తెలుసు. బస్సు పక్కకు తీసి దిగాను. గొర్రెలాయన తల కొట్టుకుంటూ పరుగెత్తుకొచ్చాడు, తిట్టాడు. తప్పు నాదా గొర్రెదా అని బస్సులో వాళ్లు రెండు పక్షాలయ్యారు. మాబు, నేను ఆయనకు సర్దిచెప్పి, ఇవ్వాల్సింది ఇచ్చి కదిలాం. బాధేసింది. సాయంత్రానికి తగ్గింది. మర్నాడు అదే చోట బస్సు దాటిపోయాక గానీ గుర్తుకు రాలేదు.

ఆ మర్చిపోవడం గురించి ఎన్ని రోజులు ఆలోచించానో. జరిగినదానికి అనుమానం లేదు! జరిగినది ఒకసారి చెప్పి ఊరుకుంటుంది. జరగనిదే రోజూ తలుపు కొడుతుంది. ఇది అందరికీ తెలిసిన సంగతేనేమో, నేను మాత్రం ఒక గొర్రెను తొక్కి నేర్చుకున్నాను. రఫీకి ఫోన్ చేసి చెప్పాను. అతను విని, "నాకు గొర్రె దొరకాలంటే యాడికి పోవాల మామా?" అని నవ్వాడు. అతనికి ఇంకా పూర్తిగా తగ్గలేదు. చేతులు మాత్రం మానుతున్నాయట.

నాకూ పూర్తిగా పోలేదు. మాత్ర ఒకటి నడుస్తోంది. నిద్ర సరిగా లేని రోజున, ఎండ ఎక్కువైన రోజున, కుదుపుకు గుండె ఒకసారి జారుతుంది. వెనక్కి మాత్రం పోను. ఇట్లాంటిది మీలో ఎవరికైనా ఉంటే, మీ గురువుకో మౌల్వీకో పూజారికో చెప్పుకోండి, కానీ అక్కడితో ఆగకుండా డాక్టరు మెట్లు కూడా ఎక్కండి. తువాలు చుట్టుకునే ఎక్కండి, ఫరవాలేదు.

మొన్న ఈస్టరుకు ముందు, గుళ్లో అందరూ పాపసంకీర్తనానికి వరుస కట్టారు. ఫాదర్ నాకు పెట్టిన నెల గడువు కూడా వచ్చింది. నా వంతు రాగానే మోకరించి, లూర్దు మీద అరిచిన సంగతి, డిపోలో ఒకాయన గురించి వెనక మాట్లాడిన సంగతి, ప్రార్థనలో ఆవులించిన సంగతి చెప్పాను. ఫాదర్ రెండు మాటలు చెప్పి క్షమాపణ పలికాడు. లేచి వచ్చేశాను. లోపల పెద్ద వెలుగేమీ రాలేదు. బెంచీ మీద కూర్చుని ప్రాయశ్చిత్తం జపాలు చెప్పుకున్నాను.

నా వెనకే లూర్దు వంతు. నా ఒళ్లో తన సంచి పెట్టి పోయింది. రెండు నిమిషాల్లో వస్తుందనుకున్నాను. రాలేదు. ఆమె వెనక నిలబడ్డ ముసలమ్మ కాళ్లు మార్చుకుంటోంది. తడిక మీద ఆనిన లూర్దు తల, కొంగు కప్పుకున్న వీపు కనపడుతున్నాయి. వీపు ఒకసారి కదిలింది. ఏడుస్తోందా?

ఇన్నేళ్ల కాపురంలో ఆమె పాపసంకీర్తనానికి పోవడం ఎన్నిసార్లు చూశానో. లోపల ఏం చెప్పుకుంటుందో అని ఒక్కసారి కూడా నాకు తోచలేదు. నేను మనుషుల్ని తొక్కుతున్నానని కాలవల వెంట తిరిగిన ఆ నెలల్లో, అవతలి గదిలో ఒక్కతే కూర్చుని ఆమె ఏం అనుకుంది? ఏం శపించింది? ఎవరిని? సంచి పట్టుకుని ఆ వీపు వైపే చూస్తూ కూర్చున్నాను. నా పాపాల లెక్కలు ఏవీ గుర్తుకు రాలేదు.

ఆమె కళ్లు తుడుచుకుంటూ వచ్చి పక్కన కూర్చుంది.

"ఏంది అట్ల చూస్తాండావు?"

"ఏం ల్యా. ఇంతసేపు ఏం చెప్పినావా అని."

"నీకెందుకప్పా?" అన్నది లూర్దు. "అది నాకూ దేవునికీ మధ్య."

అని, సంచి నా చేతిలోంచి తీసుకుని, తన జపాలు మొదలుపెట్టింది. అవి అయ్యేదాకా నేను పక్కనే కూర్చున్నాను.